పగిలినవి పట్టుకోని

ఇందిరానగర్‌లో మూడో అంతస్తు, శనివారం.
బిల్లు అడుగున పది శాతం సర్వీస్ ఛార్జి.
"తీసేయాల్సిందే" అన్నాడు ప్రవర్ధన్, మేనేజర్ని పిలిపించి.
తీసేశారు. మా టేబుల్ చప్పట్లు కొట్టింది.

కొత్త బిల్లు తెచ్చిన కుర్రాడు
మా మాటలు విని, మెల్లగా,
"మాది కదిరి సార్" అన్నాడు.
చొక్కా మీద పేరు: ఓబులేశు.

ఆ పది శాతం నీకొస్తుందా?
"వస్తాది సార్, నెలాఖర్న.
పగిలిన గ్లాసులవి పట్టుకోని, మిగిలింటే."

ఇందాక పాట ఊపులో
నా మోచేయి తగిలి పడ్డ బీరు మగ్గు.
కుర్చీల కింద దూరి పెంకులేరింది ఇతనే,
పర్లేదు సార్, పర్లేదు సార్ అంటూ.

పర్సులో మెట్రో కార్డు, ఒక్క ఇరవై నోటు.
మగ్గు ఖరీదెంతో అడగలేదు నేను.

లిఫ్టులో ప్రవర్ధన్ లెక్క తేల్చాడు:
తలకి నూటపన్నెండు మిగిలిందట.