పుదుచ్చేరిలో అమ్మకానికి మాత్రమే

ముమ్మిడివరంలో బీరు రెండొందల ఇరవై.
పేరు మనిషి పెట్టినట్టుండదు,
టెండరు కాయితంలోంచి ఊడిపడ్డట్టుంటుంది.
ఇశ్రాయేలు ఒక్క గుక్క తాగి
సీసాని లైటుకెత్తి అడిగాడు:
"ఇది బార్లీని చూసిందంటావా,
బార్లీ లారీ పోయిన రోడ్డుని చూసిందంటావా?"

నాకు రోజుకి రెండు మోటార్లు.
రొయ్యల చెరువుల్లో తెల్లార్లూ చక్రాలు తిప్పీ తిప్పీ
మాడిపోయి వస్తాయి.
మాడిన రాగితీగ లాగి, కొత్తది చుట్టి,
వార్నిష్ పోసి, బల్బు కింద ఆరబెడితే
ఒక్కోదానికి మిగిలేది నాలుగొందలు.
అందులో సగం పైన ఒక చేదుకిచ్చినప్పుడు
ఆ చేదు, చేదుగానైనా ఉండాలి కదా.

బిల్లు పుస్తకం వెనక లెక్కేశాను.
యానాంలో నూటపాతిక.
మురమళ్ళ మీదుగా ఎదుర్లంక వంతెన దాటి
పోను రాను పెట్రోలు డెబ్బై.
ఒక్కడే పోతే మిగులు పాతిక.
ఇద్దరం పోతే తలా అరవై.
ముగ్గురెక్కితే పోలీసు ఖర్చు.
లెక్క ఇద్దరి దగ్గర ఆగింది.

వంతెన మీద గౌతమి గాలికి
ఇశ్రాయేలు చొక్కా నా మొహాన కొడుతుంటే
అటు చివర బోర్డుల రంగు మారింది.
అవే నీళ్ళు, అదే బురద,
పడవల మీద అవే కొంగలు.
రేటు ఒక్కటే వేరు.

అద్దాల షాపులన్నీ దాటేశాం.
ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో కాసులమ్మ కొట్టు.
మొగుడు చేపల రేవులో వేలం పాడేవాడట,
పోతూ పోతూ ఆ గొంతు ఈవిడకిచ్చిపోయాడు:
"నూటపాతిక! చల్లగానే నూటపాతిక!
వెచ్చటిది నేనమ్మను, మీరడక్కండి!"
రొయ్యల ఐసులో మెడదాకా కూరుకున్న సీసాలు,
పైన తడి గోనె.

మొదటి గుక్క.
నాలుక మొదట్లో వేయించిన గింజ వాసన,
మధ్యలో చేదు, కాకర చేదు కాదు, లేత మెంతాకుది,
మింగాక, గంజిలో అడుగున ఉంటుందే
ఆ కాస్త తీపి.
ఇశ్రాయేలు ఏమీ అనలేదు.
వాడు ఏమీ అనకపోవడం
పద్దెనిమిదేళ్ళలో అదే మొదలు.

పొద్దు వాలేదాకా ఖాళీ ఐసు పెట్టె మీద కూచున్నాక
ధర్మయ్య మేస్త్రీ గుర్తొచ్చాడు.
నాకు చుట్టడం నేర్పినవాడు.
మూత విప్పకుండా వాసన చూసి
ఎక్కడ కాలిందో చెప్పేవాడు.
మోకాళ్ళరిగి ఇప్పుడు గుమ్మం దిగడు.

బేరింగు కొలతకని తెచ్చిన మోటారు డొల్ల నా ఒళ్ళో ఉంది.
తీగంతా పీకేసిన ఆ బోలులో
సీసా కొలిచినట్టు పట్టింది.

చెక్‌పోస్టులో టార్చి వేశాడు కానిస్టేబులు.
"ఏంటది?"
"మాడిపోయిన మోటారండి."
"ఏమైంది దానికి?"
"దాహం..." అనబోయాడు ఇశ్రాయేలు.
వెనకనించి నడుం గిల్లాను.

మేస్త్రీ గ్లాసొద్దన్నాడు.
కళ్ళు మూసుకుని ముందు వాసన చూశాడు,
మోటారుకి చూసినట్టే.
"వెచ్చబడిపోయింది. లోపల తీగ మాత్రం మంచిదే."
రెండు గుక్కలయ్యాక, "ఎంతరా?"
"నూటపాతికండి."
"పెట్రోలో?"
"అది మా ఖాతాలోదండి."
బనీను జేబులోంచి తీసి లెక్కెట్టాడు,
చివరి అయిదు రూపాయల బిళ్ళతో సహా.
"అప్పుమీద తాగితే రుచి తెలవదురా."

ఆ సీసాలో ఇప్పుడు వార్నిష్ పోసుకున్నాను.
లేబులు ఎంత గీకినా ఊడలేదు.

మొన్న ఆ కానిస్టేబులే
మాడిన టేబుల్ ఫ్యాను చంకనెట్టుకుని కొట్టుకొచ్చాడు.
సీసా చూశాడు.
పెదాలు కదుపుతూ లేబులు మొత్తం చదివాడు.
ఎత్తి, వాసన చూసి, దించాడు.
రోడ్డు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి
"ఎంత పడుద్దేంటి?" అన్నాడు.

ఫ్యానుకో, సీసాకో తేలక
నేను తల దించుకుని
చుట్లు లెక్కపెట్టుకుంటున్నాను,
ముప్పయ్యేడు, ముప్పయ్యెనిమిది.