రెండు వంతుల లెక్క

రైసు మిల్లు పద్దులు మూసి, అన్నం తిని
రాత్రి నేను రాసుకున్న చదరంగం యంత్రం ముందు కూర్చుంటాను.
మన భాష చిత్రమైంది:
కదిపితే ఎత్తు,
ఆ ఎత్తుల్లోకి దిగితే లోతు.

ఏడెత్తుల లోతుకి రెండు లక్షల పది వేల స్థితులు.
ఎనిమిదికి ఆరు లక్షల ముప్పై వేలు.
మూడింతలే కదా అని మురిశాను.
తొమ్మిదికి పన్నెండింతలైంది,
నేనిటు తిరగ్గానే పాలు పొంగినట్టు.

ఇంతకీ ఎత్తుకి ఎన్ని కొమ్మలు?
మూడూ పన్నెండూ కలిపి సగం చేస్తే ఏడున్నర.
పద్దుల పుస్తకంలో అయితే చెల్లేది.
పదో లోతు ఒప్పుకోలేదు.

పొద్దున లొల్ల లాకుల మీద
లస్కరు చిట్టెబ్బాయి షట్టరు మర తిప్పుతున్నాడు.
దాళ్వా రోజులు, నీళ్ళు వంతుల మీద.
శివారుకి ఎప్పుడందుతాయో ఎలా చెబుతావని అడిగాను.
"ఒక్క వంతు చూసి చెప్పకూడదండి అమ్మాయిగారూ.
ఒకటి ఈడుత్తాది, ఇంకోటి తోసేత్తాది.
రెండూ కలిపి చూడాలండి, ఆయ్."
బీడీ కోసం చెవి వెనక తడుముకున్నాడు.

కలిపి చూశాను.
ఏడు నుంచి తొమ్మిదికి ముప్పై ఆరింతలు.
వర్గమూలం ఆరు.
గళ్ళ మీద ప్రతిసారీ ముప్పై చిల్లర దారులు,
షట్టర్లు దించుకుంటూ పోతే
తడిసేవి ఆరంటే ఆరు.
దించిన షట్టరు అవతల ఏమున్నా
ఆట ఫలితం మారదు. రుజువైన సంగతి.

ఆ రుజువు చిట్టెబ్బాయికి చెప్పబోయి ఆగాను.
అతను మూస్తున్న బోదె చివర
అతనిదే ముప్పాతిక ఎకరం కౌలు.
"పొట్ట మీదుందండి చేను" అన్నాడు,
మర ఇంకో చుట్టు తిప్పి.

తొమ్మిదికి నాలుగు నిమిషాలు పట్టింది.
అయితే పదకొండుకి నూట నలభై నాలుగు.
క్యాలెండరులో అమావాస్య గడి మీద
రెండు గంటల ఇరవై నాలుగు అని రాసి
మీట నొక్కాను.

అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది.
ఇన్వర్టరు మూలుగుతూ నిలబెట్టింది.
ఫ్యాను ఆగిన గదిలోకి
కాలువ నడిచే చప్పుడొచ్చింది.

చివరికి యంత్రం
ఏనుగు ముందున్న బంటుని ఒక్క గడి జరిపింది.
చిట్టెబ్బాయి అయితే తలెత్తకుండా జరిపేవాడు.
గడియారం చూశాను:
ఏడు నిమిషాలు ఎక్కువ.

ఎవరి చేలోకి మళ్ళాయో.