పదకొండో గడి

ఎస్టిమేటు ఫారంలో మొన్నటిదాకా పది గడులు.
ఇప్పుడు పదకొండోది వచ్చి కూర్చుంది, పిలవని చుట్టంలా:
"మారుతున్న వాతావరణం ఈ పనిమీద చూపే ప్రభావం."
మా జోన్ ఆఫీసులో దానికి అందరం ఒకే మాట నేర్చుకున్నాం:
వర్తించదు.

వేళచ్చేరి కాలవకి వర్తించదు.
స్కూలు మేడమీద కొత్త గదికి వర్తించదు.
చిత్తడి నేల అంచున శ్మశానం ప్రహరీకి...
అక్కడ కాసేపు ఆగింది నా పెన్ను.
టీ వచ్చింది.
వర్తించదు.

గిండీలో మూడు రోజులు ట్రెయినింగ్ ఇచ్చారు.
స్వెట్టరు తెచ్చుకోవాల్సిందని గుసగుసలాడించే ఏసీ.
రాబోయే యాభై ఏళ్ళ వాన తెరమీద నీలంగా కురిసింది,
చూసినందుకు మాకు సాంబారన్నం, ఒక సంచీ, ఒక సర్టిఫికెట్టు.
నా పక్కన కూర్చుని అన్నీ రాసుకున్న తిరునావుక్కరసు
నెల తిరక్కుండానే జనన మరణాల సెక్షన్‌కి బదిలీ.
అతని నోట్సు ఎక్కడుందో బీరువాకి తెలుసు,
బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు
లెవెల్ మిషను భుజాన వేసుకుని సందులోకి దిగాను.
స్టాఫ్ కర్ర పట్టుకుంది పెంచలయ్య.
వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి మునిసిపాలిటీ పనికి వచ్చాడట,
కాలవ పనిలో ఇతనికి ముప్పై ఒక్క ఏళ్ళు,
సంతకం చేసేది అరవంలో, తిట్టేది తెలుగులో.
"ఆ మిషను పక్కనబెట్టి ఈ గోడ చూడమ్మా."

గోడమీద గడ్డపార మొనతో గీసిన గీతలు.
మోకాటి దగ్గరిది కూతురు చెంగమ్మ పుట్టిన ఏడు.
నడుం దగ్గర రెండు.
రొమ్ము దాకా ఒకటి.
"అది నేను గీయలా, బురదే గీసి పోయింది.
గీతలు ఎక్కువైనాయని అనుకోబాకమ్మా,
గీతకీ గీతకీ నడుమ ఏళ్ళు తక్కువైనాయి."

తర్వాత మడమతో రోడ్డు తట్టాడు.
"ఇదింకోటి. పాతది గీకకుండా పైన పైన పోస్తారే,
ఈ ఇంటికి నాలుగు మెట్లుండె. లెక్కబెట్టు."
లెక్కపెట్టాను. ఒక్కటీ లేదు.
బావిలోకి దిగినట్టు ఇంట్లోకి దిగుతున్నారు జనం.
ఆ మెట్లు మింగిన నాలుగు ఎస్టిమేట్లలో
రెండింటి మీద సంతకం నాదే.

రాత్రి ఫారం తీశాను. గడి అగ్గిపెట్టంత.
గీతల ఎత్తులు రాశాను, ఏళ్ళు రాశాను,
పాత పొరలు గీకాకే కొత్త రోడ్డని రాశాను,
చోటు చాలక పదో గడిలోకి, అంచులోకి, వెనక పేజీలోకి.

తొమ్మిది రోజులకి తిరిగొచ్చింది ఫైలు.
ఎర్ర సిరాలో ఒకే ప్రశ్న: ఆధారం?
పెంచలయ్య, కాలవ మజ్దూరు, ముప్పై ఒక్క వానాకాలాలు.
మళ్ళీ వచ్చింది: అతను టెక్నికల్ కాదు.
గోడ ఫోటో పెట్టి పంపాను.
ఇంకా రాలేదు.

నెలాఖరుకి పెంచలయ్య రిటైరు.
నా బదిలీ ఆర్డరు టైపవుతోందని వినికిడి.
అందుకే ఒక ఆదివారం
ఆ సందు ఎత్తుల్ని మజిలీ మజిలీగా
అదే మిషనుతో ఆఫీసుదాకా మోసుకొచ్చాం.
రికార్డు రూము పక్క గోడమీద అతనే గీశాడు, గడ్డపారతోనే,
సున్నం వేసేవాడికి చెప్పాం, ఈ రెండు మూరలు ముట్టుకోవద్దని.

పై గీత సర్క్యులర్ల అరని దాటింది.

నిన్న కొత్తగా చేరిన కుర్రాడు, సేంద్రన్,
ఫారం పట్టుకుని అటుగా వెళ్తూ
ఆ గీత పక్కన తన ఎత్తు చూసుకున్నాడు.
ఎవరు గీశారని అడగలేదు.
పెన్ను మూత తీసి
అలాగే నిలబడ్డాడు.
టీ వచ్చింది, చల్లారింది.