వెనక సీటు

బుధవారం పొద్దుగాల కొత్తవాడల కరెంటు పోయింది.
చరఖా మోటరు గుర్రుమనుకుంటనే ఆగింది,
కండె సగం చుట్టుకొని ఒక పక్కకు ఒరిగింది.
సాయంత్రం దాంక రాదన్నరు.
"అయితే ఎక్కు" అన్నడు ఓదెలు,
ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంట.

ముందట ఆయన పక్కకు ఇరుక్కోబోయిన.
"ఆడ కాదు. వెనక.
ఇయ్యాల నువ్వు గిరాకివి."

పదహారేండ్ల ఆటో.
ఈ సీటుకు రెండు మాట్ల రెగ్జిన్ కుట్టింది నేనే.
కాళ్లు చాపుకొని కూసున్నది మాత్రం ఇప్పుడే.
దవాఖానకు పోయిన రాత్రులు
లెక్కల పట్టలేదు.

ఖిలా వరంగల్ దిక్కు మలుపుతుంటె
గొంతు మార్చిండు, పట్నపోళ్లకు చెప్పే గొంతు:
"మేడం, ఇది మట్టికోట. లోపట రాతికోట.
నడుమ కందకంల మొసళ్లుండేటియట,
ఇప్పుడైతే బర్లు."
మేడం!
బ్యాంకుల సుత నన్ను ఏమ్మా అనే పిలుస్తరు.

చింతచెట్టు కింద, ఎప్పుడు ఆపే జాగల ఆపి
సీటు కిందికెల్లి పాత పేపరు తీసిండు.
"పో, చూసి రా. గంట చాలు."
"మరి నువ్వు?"
"నేను ఈడనే ఉంట గద."

గప్పుడు సమజైంది.
ఎన్ని వందల మందికో ఈ కోట చూపించినోడు
గేటు దాటి ఒక్కనాడు పోలేదు.

కొంగు ముడి ఇప్పి రెండు టికెట్లు కొన్న.

తోరణం కింద నిలబడి మెడ ఎత్తి
చానసేపు ఏం మాట్లాడలె.
"ఇంకా పెద్దగుంటదని చెప్తున్న గదనే అందరికి"
అన్నడు ఆఖరికి, దొంగతనం దొరికినోని లెక్క.
తలకాయ లేని నంది వీపు మీద చెయ్యేసి
వేడిగుందా అని చూసిండు, ఇంజన్ను చూసినట్టు.
నేనేమో పడిపోయిన రాయి అంచు కాడ కూలబడ్డ:
నాలుగు పోగులు లేపి రెండు దించినట్టు
పువ్వు, గొలుసు, మళ్ల పువ్వు.
మా జంపఖానా అంచే ఇది!
ఎవలు నేసిండ్రో, ఒక్క పోగు తప్పలే.

హన్మకొండ బస్టాండు ఎనక మెస్సుల
జొన్నరొట్టె, బోటి కూర.
ముక్కు మీద చెమట,
పెదవుల మీద మంట, ఇంకొంచెం ఎయ్యిమన్న.
ఇంట్ల గంజు అడుగున మిగిలింది నాది.
ఈడ పిలగాడు ప్లేటు ముందుగాల నా ముందటనే పెట్టిండు.
పైసల కాడ సేటు ఓదెలును చూసి నవ్విండు:
"గిరాకిని తెచ్చినవ్ గద, నీకు పైసలెందుకు?"
నేను నోరు తెరవలె.
నా ఒక్కదాని బిల్లు కట్టి
మేడం లెక్క బయటికొచ్చిన.
ఆటో ఎనక నిలబడి ఇద్దరం
కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వినం.
అది కారం వల్ల కావచ్చు.

పొద్దు గూకేటాళ్లకు గోవిందరాజుల గుట్ట.
సగం మెట్ల కాడ ఆయన మోకాలు మొరాయించింది.
"క్లచ్చు పోయింది" అన్నడు.
అక్కడనే కూసున్నం.
పేపరు పొట్లంల చల్లారిన మిరపకాయ బజ్జీలు నాలుగు,
మూడు నాకే ఇచ్చిండు.
కింద రైలు పట్టాలు, రేకుల కప్పులు.
మిల్లు ఉండే జాగను ఏలుతోని చూపిచ్చిండు:
"మా నాయిన సైరనుకే లేచేటోడు.
మిల్లు బందైనంక గూడ
గా యాళ్లకే లేచి మంచంల కూసునేటోడు."
ఇన్నేండ్లల్ల ఈ ముచ్చట
నాకు చెప్పనే లేదు.
ముందటికి చూసుకుంట తోలేటోడు
ఎనకకు తిరిగి ఎప్పుడు చెప్తడు.

గంతల్నే కొత్తవాడ దిక్కు
ఒక వరుస, ఇంకో వరుస, లైట్లు.
"కరెంటొచ్చింది" అన్న.
అంటుంటనే గుండె జల్లుమన్నది:
స్విచ్చు బంద్ చెయ్యలె!
తాళమేసిన ఇంట్ల చరఖా ఒక్కతే తిరుగుతుంటది,
నిండిన కండె మీద నూలు ఎక్కి, పొర్లి,
నేలంతా పరుచుకుంటుంటది.

ఆయన నన్ను చూసిండు.
నేను ఆఖరి బజ్జీని రెండు ముక్కలు చేసిన.
ఇద్దరం లేవలె.