పావు చుట్టు

బల్లారట్‌లో జూలై. రేకు కప్పు మీద వాన.
పాతసామాన్ల కొట్లో నలభై డాలర్లకి దొరికిన నల్ల మిషను
వంటింటి బల్ల మీద మొండికేసింది.
నైట్ డ్యూటీ పాంటు అంచు మడిచి కుడుతుంటే
పైన ముత్యాల్లాంటి కుట్టు,
కింద పిచ్చుక గూడు.

బాబిన్ని తిట్టాను. మూడుసార్లు విప్పి మూడుసార్లు చుట్టాను.
పక్కింటి డొరీన్ వచ్చింది,
ఉన్ని మిల్లు రొదకి చెవులు ఒప్పజెప్పిన మనిషి.
చక్రం మీద చెయ్యి ఆనించి
వేలి కొసలతో వింది.
"కింద చిక్కు పడితే తప్పు పైన!"
వాన కంటే గట్టిగా అంది.

ముందు పళ్ళ మీది పలక విప్పించింది.
నూనెకి గట్టిపడ్డ నూగు, పొరలు పొరలుగా:
ఖాకీ, దాని కింద గులాబీ, అట్టడుగున తెల్లది.
ఎవరి యూనిఫారమో, ఎవరి పొత్తిగుడ్డో.
హెయిర్‌పిన్నుతో గీకి కాగితం మీద పెట్టింది,
పారెయ్యనివ్వలేదు.

టెన్షన్ బిళ్ళల మధ్య ఇరుక్కున్న దారం ముక్క,
నీలంది, ఎన్నేళ్ళదో, ఊడొచ్చింది.
ఒక నూనె చుక్క.
మరమేకు పావు చుట్టు. ఎక్కువైంది.
అందులో సగం వెనక్కి.

ఇప్పుడు రెండు దారాలూ గుడ్డ లోపల ఎక్కడో
ఒకదాన్నొకటి లాక్కోకుండా కలుసుకుంటున్నాయి.

తొమ్మిదింటికి డ్యూటీ. ఒక కాలే పూర్తయింది.
రెండోది పిన్నీసుతో మడిచి
వానలోకి బయల్దేరాను.