బ్రదర్స్ దొరకలేదు

ముసఫ్ఫాలో రాత్రి రెండు.
అద్దం అవతల సిమెంటు లారీలు, ఇసుక గాలి.
ఇవతల చల్లారిన సులేమానీ చాయ్,
ఎవరో పదిహేనేళ్ళ కింద రాసి వదిలేసి పోయిన సీ ప్రోగ్రామ్.

తన చేత్తో ఏ పనీ చేయదది.
ఒక చీటీ రాస్తుంది, సిస్టమ్ అని పిలుస్తుంది,
ఒక బిడ్డను కని షెల్ వేషం కట్టి
చీటీ చేతికిచ్చి పంపుతుంది.
ఇక గడపలో కూర్చుంటుంది
బిడ్డ తెచ్చే అంకె కోసం.
సున్నా తెస్తే క్షేమం.
సున్నా తెచ్చిన పిల్లను మెచ్చుకునే ఇల్లు
నాకు తెలిసి ఇదొక్కటే.

ఈ నెల ముప్పై ఎనిమిది మందికి సున్నా రాలేదు.
ముప్పై రెండు వేల ఐదువందల పన్నెండు వచ్చింది.
జీతం అనుకునేరు,
అంత జీతం వాళ్ళలో ఎవరికీ లేదు.
రెండువందల యాభై ఆరుతో భాగిస్తే నూట ఇరవై ఏడు.
అంటే, అలాంటి ఆజ్ఞ లేదు.
లాగ్‌లో ముప్పై ఎనిమిది సార్లు ఒకటే వరుస:
బ్రదర్స్, దొరకలేదు.

మధ్యాహ్నం గుండేటి రాజలింగం వచ్చి నిలబడ్డాడు,
చంకలో హెల్మెట్.
"పని చేసినం సార్.
మీ డబ్బనేమో చెయ్యలేదంటున్నదట."

వాళ్ళను పంపిన కంపెనీ జుమైర్ & బ్రదర్స్.
నడుమ ఆ గుర్తు చూడండి,
మోకాళ్ళు ముడుచుకుని బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంటుంది.
మనం దాన్ని 'మరియు' అని చదువుతాం.
షెల్ చదివేది వేరు:
ఇంతవరకు ఉన్నదాన్ని వెనక్కి నెట్టు,
దానికోసం ఆగకు.

స్లిప్పులన్నీ వెనకెక్కడో తయారయ్యాయి.
ఎవరూ ఆగలేదు, ఎవరూ అడగలేదు.
ముందువైపు షెల్ బ్రదర్స్‌ను వెతికి
లేరని చెప్పి వచ్చింది.
ప్రోగ్రామ్ నమ్మింది.
ముప్పై ఎనిమిది పేర్ల పక్కన 'విఫలం' అని రాసుకుంది.

పేరు చుట్టూ కొటేషన్లు పెడితే ఈ రాత్రికి గడుస్తుంది.
రేపు ఇంకే పేరులో ఇంకే ముడి ఉంటుందో.
సిస్టమ్‌నే పీకేశాను.
ఫోర్క్, ఎగ్జెక్,
పేరు పేరుగానే వెళ్ళాలి, మధ్యలో దళారి వద్దు.
చివర్న వెయిట్. అది మాత్రం రెండుసార్లు సరిచూశాను.

నాలుగున్నరకు క్యాంపు బస్సు హారన్.
మెట్లు దిగి పరుగెత్తాను.
"రాజలింగం, అందరికీ సున్నా వచ్చింది!"

హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.
"ఏంది సార్," అన్నాడు మెల్లగా,
"ఈ నెల గూడనా?"