పంతొమ్మిది నిమిషాలు

మా ల్యాబులో ఒక ఫిరంగి ఉంది.
గుండ్లు వెయ్యదు, కర్రలు విసురుతుంది.
పన్నెండడుగుల పైన్ కర్ర, పదిహేను పౌన్ల బరువు,
గొట్టంలోకి తోసి, గాలి కూరి,
చెవులకు డిప్పలు తగిలించుకుని
థర్మన్ బిగ్స్ మీట నొక్కుతాడు.
గంటకు వంద మైళ్ళు.
ఇటుక గోడ ఆ సంగతి నమ్మేలోపే
కర్ర సగం అవతల ఉంటుంది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని:
సుడిగాలి ఒక్క ఊపులో చేసేదాన్ని
విడదీసి, మళ్ళీ మళ్ళీ చేయడం,
ఏ గోడ ఓడిందో సుద్దముక్కతో రాయడం.
గాలిలో దీపం పెట్టి నీదే భారం అంటే
మా దగ్గర చెల్లదు.
దీపానికి ఎంత మందం చిమ్నీ కావాలో
అంగుళాల్లో చెప్పాలి.

చెబుతాం కూడా.
రెండు పొరల ప్లైవుడ్డు, మీద ఉక్కురేకు: నిలిచింది.
ఊచలు దింపి, బోలు పూడ్చిన కాంక్రీటు దిమ్మ: నిలిచింది.
మూడు గడియల తలుపు: నిలిచింది.
ఒంటి గడియ తలుపు గురించి
థర్మన్ ఏమీ అనడు.
వెళ్ళి చీపురు తెచ్చుకుంటాడు.

ఇల్లు ఎగిరిపోయిందంటారు జనం.
శిథిలాల్లో మోకాళ్ళ మీద దేకినదాన్ని, చెబుతున్నాను:
ముందు గ్యారేజీ తలుపు లొంగుతుంది,
లోపల దూరిన గాలి కప్పును భుజానికెత్తుకుంటుంది,
ఆ తర్వాతే గోడలు, పట్టుకునే చెయ్యి లేక, ఒరిగిపోతాయి.
కప్పునూ గోడనూ కలపాల్సిన రేకు పట్టీ ఖరీదు
ఒక డోనట్ అంత.
మేకులు ఏరి సంచిలో వేసుకుంటాను.
వంగిన మేకు పోరాడింది.
నిటారు మేకు ఊరికే జారి వచ్చేసింది.

ఏప్రిల్లో, ఓక్లహోమాలో, డన్‌లీ అనే ఊరి అంచున
చక్రాల ఇళ్ళ కాలనీకి ఆశ్రయం కట్టాం.
(చక్రాలు ఎప్పుడో పోయాయి. పేరు మిగిలింది.)
డెబ్బై ఆరుమందికి సరిపడేది. గోడ పన్నెండంగుళాలు.
అలాంటి గోడ మీదికి పదకొండు కర్రలు వదిలి చూశాం,
గీతలు పడ్డాయి, అంతే.
మేయరు రిబ్బను కత్తిరించాడు. అందరికీ నిమ్మరసం.

ఆల్మెడా క్రౌచ్ నిమ్మరసం ముట్టలేదు.
ఎనభై ఒకటో ఏడు. చేతిలో నాలుగు కాళ్ళ ఊత,
ఆ కాళ్ళకు పాత టెన్నిసు బంతుల తొడుగులు.
గోడను వేలి కణుపుతో తట్టి "బాగుంది" అంది.
"సైరను మోగాక నాకు ఎంతసేపుంటుంది?"
"పదకొండు నిమిషాలు, కాస్త అటూ ఇటూగా."
"అయితే మా ఇంటిదాకా నాతో నడువు."

నడిచాను.
కంకర దారి. ఊత కంకరలో దిగబడుతుంది,
పీకి పెడుతుంది, దిగబడుతుంది.
ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుంది,
నేను చెప్పుల వైపు చూశాను.
కంచె గేటుకు తాళం. చుట్టూ తిరిగాం.
తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు టల్సాలో.
ఆకు కదలని ఎండ.
గుమ్మం చేరేసరికి పంతొమ్మిది నిమిషాలు.

"ఇది పగలు," అంది ఆల్మెడా.
"వాన లేదు. దారి కనబడుతోంది.
పైగా పిల్లి కోసం వెతకలేదు."

ఆ రాత్రి లెక్కల పుస్తకం తెరిచాను.
గాలి వేగానికి ఒక గడి ఉంది,
పీడనానికి ఉంది, కర్ర బరువుకు ఉంది.
మోకాళ్ళకు లేదు.

థర్మన్ విని చాలాసేపు టోపీ తిప్పుకున్నాడు.
"ముసలామెను దగ్గరికి జరపలేం.
కాంక్రీటును జరుపుదాం" అన్నాడు.
ఒక పెద్దదాని బదులు అయిదు చిన్నవి,
ఇళ్ళ మధ్యే, పన్నెండేసి మందికి,
గేటు లేకుండా, మెట్టు లేకుండా.
కాగితం మీద ఒక్క పూటలో గీశాను.
కౌన్సిలు మూడు సమావేశాలు కూర్చుంది.
ఒకాయన అడిగాడు:
ఆ వీధిలో గాలి ఎప్పుడు వస్తుందో చెప్పగలరా?
చెప్పలేనన్నాను.
అది రాసుకున్నాడు.

మొదటిది నిన్న ఆరింది.
ఆల్మెడా ఊతతో వచ్చింది, నాలుగు నిమిషాలు.
వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది,
ఈసారి చంకలో పిల్లి, గింజుకుంటూ. ఆరు.
తలుపు మూసి మూడు గడియలూ తనే వేసుకుంది.
లోపలినుంచి వేలి కణుపు చప్పుడు.

మిగతా నాలుగింటికి టెండరు తెరవలేదు.
మే నెల తెరుచుకుంది.